మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక కారును లాగుతున్నప్పుడు సైకిళ్లు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో చాలామంది లాగినట్టు కారు నాలుగు చక్రాలూ నేలమీదే ఉంటే, సైకిళ్లకు మంచి చోటు ఆ కారు వెనకే. దానికి 2 అంగుళాల హిచ్ రిసీవర్ (బండి వెనక బిగించే చదరపు గొట్టం) బిగించి, సైకిల్ టైర్లను పట్టుకునే ప్లాట్‌ఫాం ర్యాక్ పెట్టండి. క్యాంప్‌లో కారు విడదీశాక సైకిళ్లు దానితోపాటే కదులుతాయి.

మోటార్‌హోమ్‌కూ కారుకూ మధ్య పెట్టాలనుకుంటే డబుల్ రిసీవర్ అడాప్టర్ (ర్యాక్‌కు ఒకటి, కారు లాగడానికి ఒకటి, రెండు గొట్టాలుండే ముక్క) కావాలి. ఇబ్బందులన్నీ ఇక్కడే. అడాప్టర్ హిచ్‌ను వెనక్కి జరుపుతుంది, దాంతో మోయగల బరువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో దానిమీదే రాసి ఉంటుంది, తప్పక చూడండి. పైగా వెనక ఇరుసు దాటి పొడుచుకొచ్చిన భాగం గతుకుల్లో బాగా ఎగిరిపడుతుంది. మామూలు ర్యాక్ వెల్డింగులు అక్కడే చిట్లుతాయి. మోటార్‌హోమ్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన ర్యాకే కొనండి. ఖాళీ స్థలంలో మోటార్‌హోమ్ స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ముందుకు నడిపి, సైకిల్ హ్యాండిల్ కారు బానెట్‌కు తగులుతుందేమో ఇంకొకరిని చూడమనండి. మోటార్‌హోమ్ సైలెన్సర్ గొట్టం సూటిగా సైకిల్ టైర్లవైపు ఉంటే రబ్బరు పాడవుతుంది.

వెనక నిచ్చెనకు తగిలించే ర్యాక్ తేలిక సైకిళ్లకే. చాలా ఎలక్ట్రిక్ సైకిళ్లు ఒక్కోటి 20 కిలోల పైనే ఉంటాయి, వాటి బరువుకు నిచ్చెన స్క్రూలు ఊడిరావచ్చు. బ్యాటరీలు తీసి లోపల పెడితే ఎక్కడైనా బరువు తగ్గుతుంది.

కారు వెనక లైట్లు, నంబర్ ప్లేటు సైకిళ్ల చాటున పడితే ర్యాక్‌కు విడి లైట్లు కట్టి, ప్లేటును బయటికి మార్చాలి.