టెక్ సందేహాలు: పెట్టె మీద 945, మీటర్‌లో 840... ఏది నిజం?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెడుతున్నాను. టెక్సస్ నుంచి వచ్చిన ఒక ఉత్తరం అలా చేయించింది.

ప్రశ్న: మేం ఉండేది ఫ్రిస్కోలో. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఆత్మరక్షణ కోసం .38 స్పెషల్ రివాల్వర్ కొన్నాను. బ్యారెల్ 1.875 అంగుళాలు. తూటాల పెట్టె మీద వేగం సెకనుకు 945 అడుగులని ఉంది. మా ఫ్రెండ్ కొత్త రాడార్ క్రోనోగ్రాఫ్‌తో కొలిస్తే 840 దాటడం లేదు. అదే రోజు అతని 9 ఎంఎం పిస్టల్ వెయ్యి దాటింది. దాని బ్యారెల్ కూడా 3.1 అంగుళాలే! గాడ్జెట్ తప్పు చూపిస్తోందా? తూటాలు పాతవా? అసలు ఏ రకం పెట్టుకోవాలి?

జవాబు: గాడ్జెట్ బాగుంది, తూటాలూ బాగున్నాయి. బ్రోచర్‌లో లీటరుకు 25 అని చూసి కారు కొంటే ఊళ్లో 17 వస్తుందే, అలాంటిదే ఇది. పెట్టె మీది అంకె మీ రివాల్వర్‌లో కొలిచింది కాదు. అమెరికాలో తూటాల ప్రమాణాలు చూసే సామీ సంస్థ పద్ధతి ప్రకారం .38 స్పెషల్‌ను ఎక్కువగా 4 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌లో కొలుస్తారు. కంపెనీ పట్టికలో '4-వి' అని కనిపిస్తే అర్థం అదే.

బ్యారెల్‌ను రన్‌వే అనుకోండి. మందు కాలి గ్యాస్ అవుతూ బుల్లెట్‌ను వెనక నుంచి నెడుతుంది. మీ దాంట్లో రెండు అంగుళాలు కూడా లేకుండానే రన్‌వే అయిపోతుంది. ఇంకా నెట్టగలిగిన గ్యాస్ గాల్లో కలిసిపోతుంది. సాయంత్రం పూట కాలిస్తే మూతి దగ్గర భగ్గుమనే నారింజ రంగు మంట, చెవులు గింగుర్లెత్తే చప్పుడు ఆ వృథాలోంచి వచ్చినవే.

రివాల్వర్‌కు ఇంకో లీకు కూడా ఉంది. తూటాలు ఉండే సిలిండర్ తిరగాలి కాబట్టి దానికీ బ్యారెల్‌కూ మధ్య సందు వదులుతారు. మామూలుగా అది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, అంటే ఒకటి రెండు ఏ4 కాగితాల మందం. ప్రతి షాట్‌కూ కొంత గ్యాస్ అందులోంచి పక్కలకు చిమ్ముతుంది. ఓ యాభై కాల్చాక సిలిండర్ ముందు భాగం చూడండి, ప్రతి గది చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. పిస్టల్ అలవాటుతో ఎడమ బొటనవేలు ముందుకు చాచి పట్టుకుంటే ఆ వేడి గ్యాస్ వేలిని కోస్తుంది. వేలు వెనక్కే ఉంచుకోండి.

ఇక మీ ఫ్రెండ్ పిస్టల్. బ్యారెల్ పొడవును రెండింటికీ ఒకేలా కొలవరు. పిస్టల్‌లో తూటా కూర్చునే గదిని కూడా బ్యారెల్‌లో కలిపి లెక్కిస్తారు. రివాల్వర్‌లో సిలిండర్‌ను వదిలేస్తారు. 9 ఎంఎం ఇత్తడి కేసు పొడవు 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. అతని 3.1లోంచి అది తీసేస్తే మీ ఇద్దరి మధ్య మిగిలేది అర అంగుళం కూడా కాదు. అసలు తేడా ఒత్తిడిలో ఉంది. 9 ఎంఎంకు సామీ గరిష్ఠ పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మామూలు .38 స్పెషల్‌కు 17,000. ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండేలా నింపే ప్లస్ పి రకానికైనా 20,000 దాటకూడదు.

అంత తక్కువ ఎందుకంటే, .38 స్పెషల్ 1898 నాటిది. అప్పటి బ్లాక్ పౌడర్ రకం తుపాకీ మందుకు చాలా చోటు కావాలి, అందుకే కేసు అంత పొడవు. ఇప్పటి మందు కొంచెం పోస్తే చాలు, మిగతాదంతా ఖాళీ. సగం నిండిన కందిపప్పు డబ్బా పక్కకు వంచితే పప్పు ఎలా జారుతుందో, లోపల మందూ అలాగే జారుతుంది. రివాల్వర్ మూతి కిందికి వంచి లేపి కాల్చినప్పుడు ఒక వేగం, పైకెత్తి దించి కాల్చినప్పుడు కొంచెం ఎక్కువ వేగం వస్తుంది. కాబట్టి కొలిచేటప్పుడు ప్రతిసారీ ఒకే తీరులో ఎత్తండి.

945 నుంచి 840 అంటే వేగంలో 11 శాతం తగ్గుదల. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం 21 శాతం. 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) బుల్లెట్‌కు 336 జౌల్స్ శక్తి 266కు దిగుతుంది. కొన్ని హాలో పాయింట్ బుల్లెట్లు (మొన బోలుగా ఉండి, తగిలినప్పుడు విచ్చుకునేవి) 4 అంగుళాల బ్యారెల్ ఇచ్చే వేగానికి విచ్చుకునేలా చేసినవి. వేగం చాలకపోతే అవి విచ్చుకోవు. అందుకే పొట్టి బ్యారెల్ కోసమే తయారుచేసే రకాలు ఉన్నాయి. స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల షార్ట్ బ్యారెల్ రకానికి కంపెనీ చెప్పే వేగం 860, అదీ 2 అంగుళాల బ్యారెల్‌లో. చూడ్డానికి 945 కంటే చిన్న అంకె. నాకైతే దాని మీదే నమ్మకం ఎక్కువ.

మీ రివాల్వర్ అల్యూమినియం ఫ్రేమ్‌దైతే బరువు అర కిలో కూడా ఉండదు. దాంట్లో ప్లస్ పి కాలిస్తే అరచేతిలో కర్రతో కొట్టినట్టుంటుంది. ముందు బ్యారెల్ మీద ప్లస్ పి అని ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఆ దెబ్బకు చెయ్యి బెదిరి గురి తప్పుతుంటే 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ ప్రయత్నించండి. మొహం బల్లపరుపుగా ఉంటుంది, 4 అంగుళాల బ్యారెల్‌లోనే 700 చిల్లర వేగం, చేతికి మెత్తగా ఉంటుంది. విచ్చుకోవడం మీద ఆధారపడదు, కాగితంలో గుండ్రటి చిల్లు పొడుస్తుంది. కాకపోతే మొద్దు మొహం వల్ల హడావిడిలో రీలోడ్ చేయడం కష్టం. ఇలాంటి రివాల్వర్లకు గురి మార్చుకునే వీలుండదు. బరువైన, నిదానమైన బుల్లెట్ బ్యారెల్ వదిలేలోపు మూతి కాస్త ఎక్కువ లేస్తుంది కాబట్టి కొంచెం పైన తగులుతుంది. రేంజ్‌లో చూసుకోకుండా రకం మార్చొద్దు.

నేనైతే ఇలా తేలుస్తాను. భోజనం ప్లేటంత కాగితం ఏడు గజాల దూరంలో పెట్టి, ఒక్కో రకం ఐదేసి వేగంగా కాల్చండి. ఐదూ కాగితంలో పడ్డ రకమే మీది. క్రోనోగ్రాఫ్‌ను ఆ తర్వాత తియ్యండి.

ఒక పక్కమాట. మీ ఫ్రెండ్‌కు గ్రీన్‌కార్డ్ ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకీ కానీ తూటాలు కానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. టెక్సస్ 2021 సెప్టెంబర్ నుంచి పర్మిట్ లేకుండా వెంట ఉంచుకోనిస్తోంది కదా అని ధీమా పడొద్దు, ఆ సడలింపు ఫెడరల్ నిషేధాన్ని తీసెయ్యదు. లాయర్‌ను అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు.

ప్రశ్న: రాడార్ క్రోనోగ్రాఫ్ 600 డాలర్లు చెబుతున్నారు. పాత రకం వందకే వస్తోంది. తేడా ఏంటి? (హ్యూస్టన్ నుంచి)

జవాబు: పాతది రెండు కళ్ల పరికరం. బుల్లెట్ నీడ మొదటి సెన్సర్‌ను దాటి రెండోదాన్ని చేరే సమయం లెక్కపెడుతుంది. మధ్య దూరం ఒక అడుగైతే, 840 వేగానికి పట్టేది 1.19 మిల్లీసెకన్లు. ఎండలో బాగానే పనిచేస్తుంది. ఇన్‌డోర్ రేంజ్‌లో ఎల్ఈడీ లైట్ల మినుకుకు తికమక పడుతుంది. డాలస్‌లో మా బంధువు ఒకాయన దాంతో కొలుస్తుంటే పక్కన కూర్చుని అంకెలు రాసుకున్నాను. టూరిస్టు వీసా కాబట్టి తుపాకీ ముట్టుకోలేదు. ఒక షాట్‌కు 1,700 చూపించింది, తర్వాతి మూడింటికి ఎర్రర్. రాడార్‌ది డాప్లర్ పద్ధతి, ట్రాఫిక్ పోలీసుల స్పీడ్ గన్ లాంటిది. వెలుతురుతో పని లేదు, మూతి ముందు స్టాండు పెట్టక్కర్లేదు కాబట్టి పొరపాటున దాన్నే కాల్చేసే భయమూ లేదు. ఏడాదికి ఒక్కసారి కొలిచేవాళ్లు అరువు తెచ్చుకుంటే చాలు.

ప్రశ్న: 2023లో మన దేశంలో తయారై వచ్చిన ప్రబల్ రివాల్వర్ 50 మీటర్లు కొడుతుందన్నారు. బ్యారెల్ పొడవా? (గుంటూరు నుంచి)

జవాబు: కాదు. 76 మిల్లీమీటర్లే, దాదాపు 3 అంగుళాలు. తూటా కూడా 1896 నాటి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగే. రేంజ్ అనే మాటకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. బుల్లెట్ 50 మీటర్లు దాటి ఎంతో దూరం వెళ్తుంది, అంత దూరాన గురి కుదరడం వేరే సంగతి.

ప్రశ్న: యూనిటీలో గేమ్ చేస్తున్నాను. బ్యారెల్ పొడవును బట్టి బుల్లెట్ వేగం మారాలి. ఫార్ములా ఏంటి? (హైదరాబాద్ నుంచి ఒక బీటెక్ విద్యార్థి)

జవాబు: ఫార్ములా వెతక్కండి. పొడవు రెట్టింపైతే వేగం రెట్టింపు కాదు. మొదటి అంగుళాల్లో బాగా పెరుగుతుంది, తర్వాత మందగిస్తుంది. యానిమేషన్ కర్వ్ ఒకటి పెట్టి .38 స్పెషల్‌కు 2 అంగుళాల దగ్గర 840, 4 దగ్గర 945, 6 దగ్గర 990 అని మూడు చుక్కలు పెట్టండి. ఇవాల్యుయేట్ పిలిస్తే మధ్యవి అదే ఇస్తుంది. ప్రతి షాట్‌కూ 15 అటూ ఇటూ ర్యాండమ్‌గా కలపండి, సహజంగా ఉంటుంది. ఈ వేగాలన్నీ ధ్వని వేగానికి తక్కువ కాబట్టి బుల్లెట్ దూసుకెళ్లే 'చట్' శబ్దం పెట్టొద్దు. పొట్టి బ్యారెల్‌లో 25 మీటర్లకు బుల్లెట్ దాదాపు 5 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, అదీ కలపండి. అన్నట్టు, ఆ సైజు రివాల్వర్లు చాలావాటిలో పట్టేది ఐదు తూటాలే. మీరు పంపిన వీడియోలో హీరో రీలోడ్ చేయకుండా ఎనిమిది కాల్చాడు, లెక్కపెట్టాను.