టెక్ సందేహాలు: కొడుకు 18 అన్నాడు, మేనల్లుడు 7 అన్నాడు

కావలి నుంచి ఒక పెద్దాయన పెద్ద మెయిల్ పంపారు, కాస్త కుదించి ఇస్తున్నా: "మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో మాజ్డా ఆర్‌ఎక్స్-8 అనే స్పోర్ట్స్ కారు చూశాడు. 2004 మోడల్, మాన్యువల్ గేర్లు. ఇంజిన్ 1.3 లీటర్లేనట. మైలేజీ ఎంతరా అంటే 18 అన్నాడు. నా పాత స్విఫ్ట్ డీజిల్ కూడా 1.3యే, హైవే మీద 20 ఇస్తుంది కాబట్టి స్పోర్ట్స్ కారుకి 18 అంటే పర్లేదులే అనుకున్నా. తీరా మా మేనల్లుడు నెట్‌లో వెతికి, మామా లీటరుకు ఏడే అంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది తప్పు? వాడు అడ్వాన్స్ ఇచ్చేలోపు చెప్పండి, టెన్షన్‌గా ఉంది."

ఫోన్ల గురించీ ల్యాప్‌టాప్‌ల గురించీ రాసుకునే మనకి ఈ కారు గొడవ ఎందుకని అనుకున్నా గానీ, చివరికి ఇది కూడా లెక్కల చిక్కే కాబట్టి కూర్చుని చూశాను. సార్, ఇద్దరూ నిజమే చెప్పారు. మీవాడు చెప్పిన 18 గ్యాలన్‌కు మైళ్లు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు, కాబట్టి అక్కడి అంకెను 0.425తో గుణిస్తే మన లీటరు లెక్క వస్తుంది. 18ని గుణించండి, 7.65. మేనల్లుడు చెప్పిన ఏడు అదే. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఆ మోడల్‌కి ఇచ్చిన అంకెలు ఊర్లో 16, హైవేలో 22, రెండూ కలిపి 18. మన భాషలో ఊర్లో 6.8, హైవేలో 9.4. కొత్తలో కారు అద్దానికి అంటించిన కాగితంలో 18, 24 అని ఉండేది, తర్వాత ఈపీఏ కొలిచే పద్ధతి మార్చి అంకెలు తగ్గించింది, మీవాడికి ఎవరైనా 24 అని చెబితే అది ఆ పాత కాగితం మాట. బ్రిటన్ వాళ్ల వీడియోలు చూసి కంగారు పడొద్దని కూడా చెప్పండి, వాళ్ల గ్యాలన్ 4.546 లీటర్లు, అదే కారు అదే పెట్రోలుతో అక్కడ 21 దాటి కనిపిస్తుంది.

ఇక మిమ్మల్ని నిజంగా పక్కదారి పట్టించింది 18 కాదు, 1.3. మీ స్విఫ్ట్‌లో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. ఆర్‌ఎక్స్-8లో పిస్టన్లే లేవు. సమోసాలా మూడు మూలలు, కాస్త ఉబ్బిన పక్కలు ఉన్న రోటర్ ఒకటి, నడుం దగ్గర కొంచెం నొక్కుకుపోయిన పొడుగాటి గది లోపల, రుబ్బురోల్లో పొత్రం తిరిగినట్టు, తన చుట్టూ తాను తిరుగుతూనే గది చుట్టూ కూడా తిరుగుతూ ఉంటుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ పేరు మీద దీన్ని వాంకెల్ ఇంజిన్ అంటారు, రోటర్ ఉంది కాబట్టి రోటరీ అని కూడా అంటారు. మాజ్డా 1967లో కాస్మో స్పోర్ట్‌తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు పట్టు వదలకుండా చేసింది. ఆర్‌ఎక్స్-8లో ఇలాంటి రోటర్లు రెండు, ఒక్కోటి 654 సీసీ, రెండూ కలిపి 1308. కాగితం మీద 1.3 లీటర్లే, అందులో అబద్ధమేం లేదు.

కానీ మీ స్విఫ్ట్ తన 1248 సీసీ గాలి మొత్తం పీల్చడానికి షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. రోటరీ తన 1308 సీసీని ఒక్క చుట్టులోనే పీల్చేస్తుంది. అంటే తిండి విషయంలో అది 2.6 లీటర్ల ఇంజిన్‌తో సమానం. జపాన్‌లో బండి పన్ను వేసేవాళ్లు కూడా రోటరీ సీసీని ఒకటిన్నర రెట్లు చేసి లెక్కేస్తారు, ఈ కిటుకు వాళ్లకి ఎప్పుడో తెలుసు. కాబట్టి మీరు దాన్ని స్విఫ్ట్ పక్కన పెట్టి చూడకూడదు, పెద్ద పెట్రోలు ఇంజిన్ ఉన్న బండి పక్కన పెట్టి చూడాలి. అప్పుడు ఏడున్నర అంత ఘోరంగా అనిపించదు. అయినా తక్కువేననుకోండి.

ఎందుకు తక్కువ? వేడి టీని గ్లాసులో ఉంచితే చాలాసేపు వేడిగా ఉంటుంది, సాసర్లో పోస్తే రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. రోటరీలో పెట్రోలు మండే చోటు సాసర్ లాంటిది, పొడుగ్గా, పల్చగా ఉంటుంది. మంట పుట్టించిన వేడి బండిని నడపాల్సింది పోయి చుట్టూ ఉన్న లోహంలోకి ఇంకిపోతుంది. పైగా ఆ పొడుగు గది చివరిదాకా మంట సరిగా పాకదు, అందుకే ఒక్కో రోటర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు పెట్టారు, అయినా కొంత పెట్రోలు సగం మండి సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది. మూడు మూలల్లో ఉండే సీళ్ల పక్కనుంచి కొంచెం ఒత్తిడి జారిపోతుంది. ఆర్‌ఎక్స్-8కి వచ్చేసరికి మాజ్డా పొగ బయటికెళ్లే దారుల్ని గది పక్క గోడలకు మార్చి, వచ్చే గాలీ పోయే పొగా కలిసిపోకుండా చేసింది, పాత ఆర్‌ఎక్స్-7 కన్నా పొదుపు మెరుగైంది, ఆర్‌ఎక్స్-8 ఇంజిన్‌కి 2003లో ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు కూడా వచ్చింది. అయినా సాసర్ సాసరే. 1973 చమురు సంక్షోభంలో అమెరికాలో మాజ్డాని దెబ్బ కొట్టిందీ ఈ దాహమే.

ఇంకో సంగతి, మీకు బాగా అర్థమయ్యేది. మీ స్విఫ్ట్ డీజిల్ 2000 ఆర్‌పీఎం దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే షాఫ్ట్‌ని తిప్పే బలం, ఇస్తుంది, అందుకే లోడు వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కినా గేరు మార్చకుండా లాగుతుంది. ఆర్‌ఎక్స్-8 ఇచ్చేది 216, అదీ 5500 ఆర్‌పీఎం దగ్గర. కింద బలం లేదు, పైన మాత్రం 9000 దాకా పాటలా పాడుతుంది, 230కి పైగా గుర్రాల శక్తి అక్కడే ఉంది. ఆ పాట వినడానికేగా కొనేది! ఆ కారు కొని 2500 దాటకుండా నడిపేవాడు నాకు ఇంతవరకు కనపడలేదు. కాబట్టి మీవాడి చేతిలో ఊర్లో ఆరు, ఆరున్నర వస్తుందని మనసులో పెట్టుకోండి, ఖాళీ హైవేలో నిదానంగా పోతే తొమ్మిది. మన దారిలో చెప్పాలంటే, నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి రావడం 350 కిలోమీటర్లు, మీ స్విఫ్ట్‌కి పదిహేడున్నర లీటర్లు చాలు, దీనికి 38 పోయించుకోవాలి.

ఆరు కన్నా బాగా కిందికి పడిందంటే మాత్రం రోటరీ అంతేలే అని ఊరుకోకూడదు. ఈ కార్లలో స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్స్ త్వరగా నీరసపడతాయి, నిప్పు సరిగా పడక పెట్రోలు మండకుండా పోయి మైలేజీ దిగుతుంది, దాంతో సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంజిన్ లోపల ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించమనండి, మామూలు గేజీతో కాదు, రోటరీల కోసం చేసిన టెస్టర్‌తో, ఎందుకంటే ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడింటినీ విడివిడిగా చూడాలి. ఆ టెస్ట్‌కి అమ్మేవాడు ఒప్పుకోకపోతే కారు వదిలేయడమే. మూలల సీళ్లకి జిడ్డు అందాలని ఈ ఇంజిన్ కావాలనే కొంచెం ఆయిల్ తాగుతుంది, రెండుసార్లు పెట్రోలు కొట్టిస్తే ఒకసారి ఆయిల్ పుల్ల తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఇంటి ముందు నుంచి పక్కకి పెట్టి వెంటనే ఆఫ్ చేసే అలవాటుంటే మానెయ్యమనండి, లోపల పెట్రోలు చేరిపోయి మళ్లీ స్టార్ట్ కాదు.

మాజ్డా ఇప్పుడు రోటరీకి వేరే పని చూపించింది. 2023లో వచ్చిన ఎంఎక్స్-30 హైబ్రిడ్‌లో 830 సీసీ ఒక్క రోటర్ ఉంటుంది, అది చక్రాల్ని తిప్పదు, మన రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది, అంతే.

ఒంగోలు నుంచి మరొకరు: "కారుకి ఓబీడీ డాంగిల్ పెట్టి ఫోన్‌లో యాప్ చూస్తే మైలేజీ 16 చూపిస్తోంది. బంకు లెక్క 14.5 వస్తోంది. ఏది నమ్మాలి?"

బంకే. (ఓబీడీ డాంగిల్ అంటే కారు పోర్ట్‌లో పెట్టి ఇంజిన్ వివరాలు ఫోన్‌కి పంపే చిన్న పరికరం.) ఫుల్ ట్యాంక్ కొట్టించి, గన్ దానంతట అదే ఆగగానే ఆపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అదే బంకులో అలాగే నింపి భాగించండి. ఇలాంటి యాప్ చాలావరకు పెట్రోలును కొలవదు, ఇంజిన్ ఎంత గాలి పీల్చిందో చూసి దాన్ని 14.7తో భాగించి పెట్రోలు ఇంత అని ఊహిస్తుంది. ఆ 14.7 శుద్ధమైన పెట్రోలు లెక్క. మనం ఇప్పుడు పోయించుకుంటున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది, దానికి ఆ అంకె 13.5 దరిదాపుల్లో ఉంటుంది, అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోలు పడుతుంది, యాప్‌కి ఆ సంగతి తెలియదు. మీ 16ని ఆ లెక్కన సవరిస్తే 14.7 వస్తుంది, చూశారా, తేడా దాదాపు అంతా అక్కడే. యాప్ సెట్టింగ్స్‌లో సవరించుకునే చోటుంటే బంకు లెక్కకు సరిపోయేలా పెట్టుకోండి. డీజిల్ కార్లకైతే ఆ మైలేజీ అంకెను అసలు పట్టించుకోకండి, వాటిలో గాలికీ డీజిల్‌కీ మధ్య స్థిరమైన లెక్క ఉండదు. గాలి కొలిచే సెన్సర్ లేని బండ్లలో యాప్ ఇంజిన్ ఎన్ని లీటర్లని మనల్నే అడుగుతుంది. రోటరీ బండికి అక్కడ 1.3 అని కొడితే మైలేజీ డబుల్ చూపించి ఆనందపెడుతుంది, అక్కడ 2.6 కొట్టాలి. కావలి సార్ వాళ్లబ్బాయి కారులో ఆ సెన్సర్ ఉంది కాబట్టి ఆ తిప్పలు లేవు.

కందుకూరు నుంచి: "డాంగిల్ ఎప్పుడూ పెట్టే ఉంచితే బ్యాటరీ దిగుతుందా?"

తాళం తీసినా ఆ పోర్ట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. రోజూ తిప్పే బండికి ఏం కాదు, పదిహేను రోజులు ఊరెళ్తుంటే పీకేయండి. చవక బ్లూటూత్ డాంగిల్ అయితే పిన్ చాలావరకు 1234 ఉంటుంది, పక్కింటి కుర్రాడి ఫోన్ కూడా దానికి కనెక్ట్ అవుతుంది.