గాదెలో దాచిన దస్తావేజులు

విజయవాడ

అమ్మాయ్,

ఉభయకుశలోపరి. నీ నవల రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. కడవెండిలో మొదలుపెట్టి 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల దాకా తీసుకొచ్చావు చూడు, అది నాకు బాగా నచ్చింది. చాలామంది 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించడంతోనే పుస్తకం మూసేస్తారు. తుపాకులు దించిన మనుషులు ఆ తర్వాత ఏ ఊళ్లో ఎలా బతికారో ఎవరికీ పట్టదు. నీకు పట్టింది. అందుకే ఈ ఉత్తరం పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా, మూడో అధ్యాయం తీసెయ్. 1848లో లండన్‌లో కమ్యూనిస్టు ప్రణాళిక అచ్చవడం దగ్గర్నుంచి 1949లో మావో పెకింగ్ చేరేదాకా పద్నాలుగు పేజీలు నడిపావు. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ నీ నవల్లో మనుషుల దగ్గరికి కమ్యూనిజం ఆ దారిన రాలేదు. ఆంధ్రమహాసభను ఊళ్లో జనం పిలుచుకున్న సంగం పేరుతో వచ్చింది. వెట్టికి పోనక్కర్లేదన్న మాటగా వచ్చింది. పాలకుర్తిలో ఐలమ్మ పండించిన పంట మీదికి విసునూరు దేశముఖు మనుషులు వచ్చినప్పుడు, ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చిన చేతులుగా వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిన ఊరేగింపులో నడిచినవాళ్లకు మార్క్స్ కంటే విసునూరు గడీ దగ్గర. పెట్రోగ్రాడ్‌లోనూ అంతే కదా. 1917లో మహిళా దినోత్సవం నాడు మిల్లుల ఆడవాళ్లు పని ఆపి రొట్టె కోసం వీధుల్లోకి వచ్చారు. వారం తిరిగేసరికి జారు గద్దె దిగాడు. నీకు అంతగా ప్రపంచం కావాలనుకుంటే ఆ రొట్టె ఒక్కటి ఉంచుకో, మిగతా పద్నాలుగు పేజీలూ వదిలెయ్.

ఇక అసలు పేచీ చెబుతాను. నీ నవల్లో కమ్యూనిస్టులంటే భయపడేవాళ్లంతా చెడ్డవాళ్లే. దొర భయపడతాడు, పటేలు భయపడతాడు, వడ్డీ వ్యాపారి భయపడతాడు. వాళ్ల భయం నిజమే. వాళ్లు పోగొట్టుకునేది నిజంగానే చాలా ఉంది. కానీ 1955 ఎన్నికలను ఆ దొరల భయంతో వివరించలేవు.

మా నాయనమ్మ సంగతి చెబుతాను విను. ఆవిడకు గుడివాడ వైపు రెండెకరాల మాగాణి ఉండేది. తాతయ్య పోయాక ఆ ఇంటికి అదే దిక్కు. 1955 సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి ఆ పొలం దస్తావేజులు పాత చీర ముక్కలో చుట్టి వడ్ల గాదె అడుగున దాచింది. కమ్యూనిస్టులు గెలిస్తే పొలాలన్నీ కలిపేస్తారని, గొడ్డూగోదా తోలుకుపోతారని, గుళ్లు మూయిస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. విచిత్రం ఏమిటంటే, ఆమె మరిదే కమ్యూనిస్టు. మూడేళ్లు కడలూరు జైల్లో ఉండి వచ్చాడు. అతనికి పూటపూటా అన్నం వడ్డించింది ఆ చెయ్యే. అదే చేత్తో వెళ్లి కాంగ్రెస్ కాడెద్దుల గుర్తుకు ఓటేసి వచ్చింది. అతన్ని నమ్మకపోవడం కాదు. అతను చెబితే తన పొలం జోలికి ఎవరూ రారని ఆమెకు తెలుసు. కానీ అతను లేని రోజున?

ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లు ఇలాగే మధ్యకు చీలాయి. 1952లో అనంతపురంలో జైల్లో ఉన్న తరిమెల నాగిరెడ్డి సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆ ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో ఉన్న 140 స్థానాల్లో కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో కొత్త ఆంధ్ర రాష్ట్రంలోని ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయేసరికి, ఇక వచ్చేది మన ప్రభుత్వమేనని పార్టీవాళ్లు గట్టిగా నమ్మారు. అవతల కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒకటయ్యాయి. మొత్తం 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కింది 15. దాన్ని నువ్వు 'ప్రజలు తిరస్కరించారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కాదమ్మా. ఓట్లు చూడు. నూటికి 31 మంది కంకి కొడవలికే వేశారు. 1952 కంటే అది ఎక్కువ. ఎర్రజెండా వెనక జనం పెరిగారు. దాన్ని చూసి జడిసినవాళ్లు అంతకంటే ఎక్కువగా ఒకచోట చేరారు. రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో జరిగాయి. నీ నవల ఉన్నది అక్కడే.

ఇంకో సంగతి కూడా నీ కథకు పనికొస్తుంది. సరిగ్గా ఆ ప్రచారం ఊపులో, జనవరి నెలలో, మాస్కోలోని సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వాళ్లు దాన్ని అచ్చేసి ఊరూరా పంచారు. లాఠీదెబ్బలు తిని, జైలుకెళ్లి, మాస్కోను వెలుగనుకుని బతికిన నీ కథానాయకుడి చేతిలో ఆ కాగితం పెట్టు. అతను ఏమీ మాట్లాడక్కర్లేదు. చదువుతుంటే వేళ్లు ఏం చేశాయో రాయి చాలు.

భయం పేరుతో అధికారం చేసినదాన్ని మాత్రం మెత్తబరచకు. 1949లో మలబారు స్పెషల్ పోలీసులు కృష్ణా జిల్లా కాటూరు, యలమర్రు గ్రామాల్లో మగవాళ్లను బట్టలూడదీయించి గాంధీ విగ్రహం దగ్గర తిప్పారు. 1950 ఫిబ్రవరి 11న సేలం జైల్లో నిర్బంధంలో ఉన్న 22 మంది కమ్యూనిస్టు ఖైదీలను కాల్చి చంపారు. ఇండొనేసియాలో 1965 చివర సైన్యం మొదలుపెట్టిన కమ్యూనిస్టుల ఊచకోతలో కనీసం అయిదు లక్షల మంది చచ్చిపోయారు. వాళ్లలో ఎంతోమంది రైతు సంఘంలో పేరు ఉండటం తప్ప ఇంకేమీ ఎరగనివాళ్లు. మా నాయనమ్మ భయమూ ఆ సైన్యాధికారుల భయమూ ఒకటి కావు. ఒకటి గాదెలో కాగితం దాచుకుంది, ఇంకొకటి చంపాల్సినవాళ్ల జాబితా రాసింది. ఈ తేడా నీ వాక్యంలో కనబడాలి.

ఇప్పుడు నాకు కష్టమైన మాట. నేను చదవడం నేర్చుకున్నది మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలతో. విశాలాంధ్ర కొట్టులో అతి చవగ్గా దొరికేవి. ఆ బొమ్మలు, ఆ నున్నటి కాగితం వాసన ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. ఆ పుస్తకాలు చదివే ఇరవై రెండేళ్లప్పుడు సమష్టి క్షేత్రం మీద, అంటే పొలాలన్నీ కలిపి చేసే సోవియట్ సాగు మీద, ఒక కథ రాశాను. నవ్వుతూ పంట కోసే జనం, నిండిన గాదెలు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ 1932, 33 సంవత్సరాల ఉక్రెయిన్ గురించి చదవలేదు. సోవియట్ ప్రభుత్వం మనుషులు పల్లెలనుంచి విత్తనాల గింజతో సహా ఊడ్చుకుపోయారు. లక్షలాది రైతులు తిండిలేక చచ్చిపోయారు. ఆ పుస్తకం మూసి నేను చాలాసేపు మా నాయనమ్మ గాదె గురించే ఆలోచించాను. ఆమెకు ఉక్రెయిన్ అనే చోటు ఒకటుందని తెలియదు. ఆమె భయపడిన పని అక్కడ జరిగింది.

కానీ తెలంగాణలో సంగం భూముల్ని కలపలేదు, పంచింది. పార్టీ లెక్క ప్రకారం పది లక్షల ఎకరాలు. మా చిన్నతాత జైలుకెళ్లింది దున్నేవాడికి పట్టా ఇప్పించడానికే. అంటే ఆమె భయానికి ఆధారం ఉంది, అతని ఆశకూ ఉంది. ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని నిలబెడితే కరపత్రం అవుతుంది. ఆ నా పాత కథ అలాంటిదే. సంపుటంలోంచి దాన్ని తీసెయ్యలేదు. నమ్మకంతోనే రాశాను, తెలుసుకోకుండా రాశాను. రెండూ నావే.

నువ్వు సూర్యాపేట వెళ్లినప్పుడు ముసలివాళ్లను 'పోరాటం గురించి చెప్పండి' అని అడగకు. ఎన్నో సభల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలే వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఏది ఎక్కడ దాచేవారని అడుగు. తుపాకీ దాచినవాళ్లుంటారు, బంగారం దాచినవాళ్లుంటారు, మనిషిని దాచినవాళ్లుంటారు.

మా నాయనమ్మ ఆ ఉగాదికి ఇల్లు దులుపుతూ మూట బయటికి తీసింది. ఎలుకలు ఒక అంచు కొరికేశాయి. సర్వే నంబరు ఉన్న చోట కాగితం రెండు ముక్కలైంది. ఆమె అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే, నెల క్రితమే ఓడిపోయి ఇంటికొచ్చిన చిన్నతాత ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. అన్నం మెతుకులు మెదిపి, వెనక పాత 'విశాలాంధ్ర' కాగితం పెట్టి అతికించి, ఎండలో ఆరబెట్టి ఆమె చేతికిచ్చాడు. ఎందుకు దాచావని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ దస్తావేజు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆశీస్సులతో,
నీ బాబాయి