హెచ్-4 వీసాపై అమెరికా వెళ్తే ఉద్యోగం చేయవచ్చా?

అమలాపురంలోని బ్యాంకు ఉద్యోగం మానేసి, హెచ్-1బి (ఉద్యోగ) వీసాపై డాలస్‌లో ఉంటున్న కాబోయే భర్త దగ్గరకు వెళ్తే అక్కడ పని చేయవచ్చా అని మీరు అడిగారు. హెచ్-4 అంటే హెచ్-1బిపై ఉన్నవారి భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా; నిశ్చితార్థంతో అది రాదు. పెళ్లయ్యాక సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో వెంటనే నమోదు చేయించుకుని, ధ్రువపత్రంలో మీ ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పొల్లుపోకుండా ఉండేలా చూసుకోండి. కోనసీమలో శుభలేఖ, ఫొటోలు ఉన్నాయి కదా అని ఈ పనిని వాయిదా వేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. హెచ్-4పై చదువుకోవచ్చు గాని, ఉద్యోగానికి వేరే అనుమతి కావాలి. 2015లో వచ్చిన నియమం ప్రకారం, ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140కు (సాధారణంగా ఆయన కంపెనీ వేసే వలస దరఖాస్తుకు) ఆమోదం లభించిన భార్యలే ఆ అనుమతికి దరఖాస్తు చేసుకోగలరు. రాజీనామా ఇవ్వకముందే ఆయన్ని ఈ సంగతి సూటిగా అడగండి. ఆమోదం ఇంకా రాకపోతే, బ్యాంకులో జీతం లేని సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి.