పుర్రె గుర్తున్న మాత్: అట్రోపాస్ కాదు, వెనక రెక్క చూడండి

నువ్వుల చేలో దొరికిన మాత్ (సీతాకోకచిలుక లాంటి రాత్రి పురుగు) ఏదో, దానికి యమలోకం పేరేంటో అని మీరు అడిగారు. మీకు దొరికిన మాత్‌ని ఫొటో చూసి పేరు చెప్పే యాప్ అకెరాన్షియా అట్రోపాస్ అన్నది వీపు మీది పుర్రె చూసే అయ్యుంటుంది. అట్రోపాస్ యూరప్, ఆఫ్రికా వైపుది. మన దగ్గర ఉండేవి అదే అకెరాన్షియా ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపులోని) స్టిక్స్, లాకెసిస్ అనే జాతులు. పుర్రె మూడింటికీ ఉంటుంది, కాబట్టి దానితో తేలదు.

1. అందరూ వదిలేసేది వెనక రెక్క. వాలినప్పుడు అది ముందు రెక్క కింద దాగి ఉంటుంది. సన్నటి పుల్లతో ముందు రెక్కను మెల్లగా జరిపి ఫొటో తీయండి. కీచుమంటుంది, టెన్షన్ పడకండి, కుట్టదు.

2. వెనక రెక్కలో ఒంటికి ఆనుకున్న చోట నల్లటి మచ్చ ఉంటే లాకెసిస్. అక్కడా పసుపే ఉండి, కింద రెండు నల్ల పట్టీలే ఉంటే స్టిక్స్.

3. ఇక "యమలోకం పేర్లేంటి?" అన్నారు. అన్నీ గ్రీకు పురాణాలవే. అకెరాన్, స్టిక్స్ పాతాళంలోని నదులు, మన వైతరణి లాంటివి. లాకెసిస్ ఆయుష్షు దారాన్ని కొలిచే దేవత, అట్రోపాస్ తెంచే దేవత. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ అట్రోపాస్ పేరు పెట్టాడు, తర్వాతివాళ్లు అదే వరస పట్టుకున్నారు.

దారం వడికే క్లోథో పేరు మాత్రం వేరే ప్రజాతికి పోయింది: థెరెట్రా క్లోథో. దాన్ని అకెరాన్షియాలో వెతక్కండి.