కారు షెడ్డులో చెక్కపని, ఇల్లంతా దుమ్ము

ప్రశ్న: సైనిక్‌పురిలో మా ఇంటి కారు షెడ్డులో టేబుల్ రంపం, శాండర్ (చెక్కను నున్నగా రుద్దే మిషన్) పెట్టుకుని ఆదివారాలు చెక్కపని చేస్తుంటాను. ఎంత ఊడ్చినా పొట్టు వంటింటిదాకా వస్తోంది, అమ్మకు ఒకటే దగ్గు. పెద్ద మిషన్ కొనలేను. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ చీపురు పక్కన పెట్టేయండి. ఊడ్చినప్పుడల్లా కింద కూర్చున్న సన్నపొడి మళ్లీ గాల్లోకి లేస్తుంది, మీరు పని ఆపి భోజనానికి కూర్చున్నాక కూడా అది తేలుతూనే ఉంటుంది. కంటికి కనిపించే రంపపు పొట్టు కన్నా ఈ పొడే ప్రమాదం. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

దుమ్మును పుట్టిన చోటే పట్టాలి. శాండర్ వెనక గొట్టానికి వాక్యూమ్ క్లీనర్ పైపు తగిలించండి, అందులో హెపా ఫిల్టర్ (అతి సన్నపొడిని కూడా పట్టే జల్లెడ లాంటిది) ఉంటే మంచిది. శాండర్‌కీ వాక్యూమ్‌కీ మధ్యలో గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము మీద చిన్న సైక్లోన్ (దుమ్మును వేరుచేసే గరాటు లాంటి పరికరం) బిగిస్తే గాలి సుడి తిరిగి బరువైన పొట్టంతా డ్రమ్ములోనే పడిపోతుంది, ఫిల్టర్ తొందరగా మూసుకుపోదు. నన్నడిగితే మొదటి ఖర్చు దీనికే పెట్టండి. టేబుల్ రంపం అడుగు భాగాన్ని ప్లైవుడ్‌తో మూసి, అదే పైపు పెట్టుకోవచ్చు.

ఇంట్లోకి వెళ్లే తలుపు మూసి, బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఎన్-95 మాస్క్ తప్పనిసరి, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే బోర్డు) కోసేటప్పుడు మరీనూ, అందులోని జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది. పని బట్టలు షెడ్డులోనే విప్పి లోపలికి వెళ్లండి. అమ్మగారి దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.