మనవడికి పచ్చిపాలు పట్టకమ్మా

అమ్మలూ,

నిన్న ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది. కాస్తే సారం పోతుందని సీసాల్లో ఆవుపాలు తెచ్చేవాళ్లు చెప్పారని బుజ్జిగాడికి పచ్చివే పడుతున్నావట. "తాతలు గుమ్మపాలు తాగి బతకలేదా పెదనాన్నా?" అన్నావు.

గుమ్మపాలు నేనూ తాగాను. ముప్పై రెండో ఏట సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి ఒళ్లంతా చెమటలు, నడుం నొప్పి. మూడు నెలలు టైఫాయిడ్ అనుకుని మందులు మింగాక రక్తపరీక్షలో బ్రుసెల్లా అనే పశువుల రోగక్రిమి తేలింది. చూడి పశువులు నెలలు నిండకముందే ఈసుకుపోయేలా చేసే రోగాల్లో అదొకటి. మా గేదె ఆ ఏడు ఎనిమిదో నెలలో ఈసుకుపోయి కూడా పాలిచ్చింది. ఆ పాలకు వాసనా మారలేదు, రుచీ మారలేదు. నేను మళ్లీ మనిషిని కావడానికి ఆరు వారాల మందులు పట్టాయి.

మీ తాతమ్మ మాత్రం పిల్లలకు పచ్చిపాలు పోసి ఎరగదు. పొద్దున పితికిన పాలు దాలిగుంటలో పిడకల సెగ మీద సాయంత్రం దాకా ఎర్రగా కాగేవి. మనింట్లో పిల్లలు పెరిగింది ఆ పాలతోనే తల్లీ.

పాల శీతలీకరణ కేంద్రంలో పనిచేసిన ముప్పై ఏళ్లూ పాలలో మిథిలీన్ బ్లూ చుక్కలు వేసి చూసేవాణ్ణి. సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే నీలం అంత త్వరగా తెల్లబడుతుంది. ఒకే ఊరి పాలు, ఒకే పూట. ఒక క్యాను ఐదు గంటలు నీలంగానే నిలిచింది. ఇంకోటి అరగంటలోపే తెల్లబడింది. ఆ రెండోది చెరువు నీళ్లతో కడిగిన క్యాను. గోరువెచ్చని పాలలో ఈ-కొలై లాంటి సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కటి మూడు గంటల్లో 512 అవుతుంది. మీ సీసా పితికిన చోటి నుంచి మీ గుమ్మం దాకా ఎంతసేపు, ఎంత చల్లగా వచ్చిందో అడిగావా?

పాశ్చరైజేషన్ అంటే పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చడం. క్షయ, బ్రుసెల్లా, సాల్మొనెల్లా క్రిములు దానికి చస్తాయి. వేడిని తట్టుకునే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మిగులుతాయి గనుక ప్యాకెట్ పాలు కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి. పొద్దున కొట్టు ముందు ట్రేలలో కాసేపు ఎండ తగిలిన ప్యాకెట్‌ను నేనైతే కాచకుండా వాడను. సారం సంగతంటావా, కాస్తే కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. కొన్ని విటమిన్లు కాస్త తగ్గుతాయి, అంతే.

ఇంకో ముఖ్యమైన మాట. ఎండలో గంటల తరబడి ఉన్న పాలను మరిగించి మంచివి చేద్దామనుకోకు. పొదుగు వాపు ఉన్న పశువు పాలలోనో, పితికే చేతి పుండు నుంచో చేరే ఒక సూక్ష్మజీవి విషం వదులుతుంది. సూక్ష్మజీవి చచ్చినా ఆ విషం మరుగుకు విరగదు. అలాంటి పాలు పారబోయడమే.

ఆ సీసా పాలే కావాలంటే రాగానే గరిటెతో కలుపుతూ పొంగు రానివ్వు. గిన్నెను చల్లని నీళ్లలో పెట్టి చల్లార్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. ఆర్పేసిన పొయ్యి మీదే సాయంత్రం దాకా వదిలెయ్యకు. నిన్నటి పాలలో ఇవాళ్టివి కలపకు. నీకిప్పుడు ఐదో నెల, నువ్వూ పచ్చిపాలు ముట్టకు. లిస్టీరియా అనే క్రిమి కడుపులో బిడ్డ దాకా వెళ్తుంది.

బుజ్జిగాడికి జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఒంటేలు తగ్గినా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పచ్చిపాలు తాగాడని మొదటే చెప్పు.

మీ పెదనాన్న